ఒంటికి పిడుదు పట్టిందా? లైమ్ వ్యాధి గురించి తెలిసి ఉండాల్సినవి

ఒంటి మీద పిడుదును చూసి కంగారుగా ఇది తెరిచారా? అయితే కథంతా తర్వాత, ముందు దాన్ని తీసేయండి. మొన సన్నగా ఉన్న ట్వీజర్స్ తీసుకోండి. పిడుదు పొట్ట పట్టుకోకూడదు, దాని మూతి చర్మంలోకి దిగిన చోట, చర్మానికి ఆనించి, వీలైనంత కిందకి పట్టుకోవాలి. మెలి తిప్పకుండా, ఒక్క ఉదుటున గుంజకుండా, ఒకే బలంతో నిటారుగా పైకి లాగండి. చర్మం చిన్న గుడారంలా పైకి లేస్తుంది, రెండు మూడు క్షణాలు అది అస్సలు వదలదు, సరిగ్గా అక్కడే అందరూ భయపడి చటుక్కున తెంపేస్తారు. అలా చేయకుండా లాగి పట్టుకునే ఉండండి, వదులుతుంది. తర్వాత ఆ చోటును సబ్బునీళ్లతో గానీ స్పిరిట్‌తో గానీ తుడిచి, చేతులు కడుక్కోండి.

నల్లగా ఒక ముక్క చర్మంలోనే ఉండిపోయిందా? అది మూతి భాగం. తేలిగ్గా వస్తే తీయండి, రాకపోతే వదిలేయండి, ముల్లును తోసేసినట్టు చర్మమే దాన్ని మెల్లగా బయటికి తోసేస్తుంది. పిడుదు ఒళ్లు ఊడి వచ్చేశాక ఆ ముక్క వల్ల లైమ్ (పిడుదు కుడితే వచ్చే బ్యాక్టీరియా జబ్బు) రాదు. సూదితో గెలికి పుండు చేసుకుంటే మాత్రం అక్కడ వేరే ఇన్ఫెక్షన్ వస్తుంది.

వ్యాసెలిన్ రాయడం, నెయిల్ పాలిష్ పూయడం, కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం, ఇవేవీ వద్దు. పెద్దవాళ్లు చెప్పారనో ఎక్కడో వీడియోలో చూశామనో చాలామంది ఇవే ముందు చేస్తారు. అది ఊపిరాడక దానంతటదే ఊడిపడుతుందని ఎదురుచూస్తే విలువైన టైమ్ పోతుంది, పైగా దాన్ని అలా ఇబ్బంది పెడితే కడుపులో ఉన్నదాన్ని గాయంలోకి కక్కే ప్రమాదం ఉంది.

తీసిన పిడుదును గోళ్ల మధ్య చిదమకండి. ఒక ఫోటో తీసి, దాన్ని పారదర్శకంగా ఉండే టేపు కింద అతికించి, ఆ రోజు తేదీ రాసి పెట్టుకోండి. డాక్టర్‌కి చూపించడానికి పనికొస్తుంది. దాన్ని ల్యాబ్‌కి పంపి పరీక్ష చేయించడం మాత్రం నా ఉద్దేశంలో దండగ. పిడుదులో క్రిమి ఉన్నంత మాత్రాన అది మీకు ఎక్కిందని కాదు, అందులో లేదని తేలినా మీకు కనిపించని ఇంకో పిడుదు కుట్టి ఉండొచ్చు.

ఎంతసేపు పట్టుకుని ఉంది?

మొత్తం విషయంలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. లైమ్ వ్యాధికి కారణం బొరేలియా బర్గ్‌డోర్ఫెరై అనే బ్యాక్టీరియా, సూక్ష్మదర్శినిలో చూస్తే స్ప్రింగులా మెలికలు తిరిగి ఉంటుంది. ఇది పిడుదు లాలాజలంలో సిద్ధంగా కూర్చుని ఉండదు, దాని పేగులో నిద్రాణంగా ఉంటుంది. పిడుదు మీ రక్తం తాగడం మొదలుపెట్టాకే అది మేల్కొని, సంఖ్య పెంచుకుని, పేగు గోడ దాటి, లాలాజల గ్రంథుల దాకా ప్రయాణం చేయాలి. ఆ ప్రయాణానికి టైమ్ పడుతుంది. అందుకే అమెరికాలో ఉండే నల్లకాళ్ల పిడుదు 24 గంటల్లోపే దొరికిపోతే లైమ్ వచ్చే అవకాశం చాలా తక్కువ. 36 గంటలు దాటితే మాత్రం జాగ్రత్త పడాలి.

ఇది చూసి నిదానించకండి. యూరప్‌లో తిరిగే బొరేలియా రకాల్లో కొన్ని ఇంతకంటే తొందరగా ఎక్కుతాయి, పైగా నల్లకాళ్ల పిడుదే మోసుకొచ్చే, మెదడువాపు తెప్పించే పొవాసన్ వైరస్‌కి 15 నిమిషాలు చాలు (అది చాలా అరుదు, అయినా చెప్పాలి కాబట్టి చెప్తున్నాను). కనిపించిన నిమిషమే తీయడం, అంతే.

పిడుదును తీసి ఇంకా 72 గంటలు దాటకపోతే డాక్టర్‌కి ఫోన్ చేయండి. లైమ్ ఎక్కువగా ఉన్న ప్రాంతంలో, నల్లకాళ్ల పిడుదు జాతిదే, 36 గంటలకు పైగా పట్టుకుని ఉందని అనుమానం ఉంటే, ముందుజాగ్రత్తగా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఒకే ఒక్క డోసు ఇస్తారు, పెద్దవాళ్లకు 200 మిల్లీగ్రాములు, పిల్లలకు బరువును బట్టి. పిడుదు పొట్ట బల్లపరుపుగా ఉంటే పెద్దగా తాగలేదని అర్థం, ఉబ్బి బూడిదరంగుకు తిరిగిందంటే చాలాసేపే ఉందని అర్థం. ఇందాక ఫోటో తీయమన్నది అందుకే.

ఎర్ర మచ్చ గురించి కాస్త వివరంగా

ఎక్కడ చదివినా లైమ్ అనగానే బాణాలాటలో గురి బోర్డులా, మధ్యలో చుక్క, చుట్టూ తెల్లటి వలయం, దాని బయట ఎర్రటి వలయం ఉన్న బొమ్మ చూపిస్తారు. ఆ బొమ్మ చాలామందిని దారి తప్పించింది, నన్ను కూడా. లైమ్ సోకినవాళ్లలో 70 నుంచి 80 శాతం మందికి మచ్చ వస్తుంది కానీ అందులో ఎక్కువ భాగం అలా వలయాలుగా ఉండదు. మొత్తం ఒకే రంగులో, గుండ్రంగానో కోలగానో, వెడల్పవుతూ పోయే మచ్చగానే ఉంటుంది.

పైగా ఆ బొమ్మలు దాదాపు అన్నీ తెల్ల చర్మం మీదవే. చామనఛాయ, నలుపు ఒళ్లు ఉన్నవాళ్లకు అది ఎర్రగా కనిపించనే కనిపించకపోవచ్చు. కమిలినట్టు, ఊదారంగులో, గోధుమరంగులో, ఎక్కడో తగిలి రక్తం గడ్డకట్టినట్టు ఉంటుంది. నాకు వచ్చింది తొడ వెనక. మంచం కోడు తగిలిందేమో అనుకున్నాను. నొప్పి లేదు, దురద లేదు, చెయ్యి వేస్తే మాత్రం కాస్త వెచ్చగా తగిలేది. మొదట చూపించిన చోట తామర అని చెప్పి పూతమందు రాసిచ్చారు. ఆ రాత్రి ఎందుకో అనుమానం వచ్చి, బాల్‌పెన్నుతో మచ్చ అంచు వెంబడి గీత గీయమని ఇంట్లోవాళ్లను అడిగాను. రెండు రోజుల తర్వాత చూస్తే మచ్చ ఆ గీత దాటి రెండు వేళ్ల మందం బయటికి వచ్చేసింది. ఇంకో డాక్టర్ ఆ గీత చూశారు, నెల కిందట నడిచిన అడవి దారి గురించి అడిగారు, రక్తపరీక్ష కూడా రాయకుండా ఆ రోజే మందు మొదలుపెట్టారు.

కాబట్టి రంగు చూడకండి, పెరుగుతోందా లేదా అన్నది చూడండి. కుట్టిన రోజో మర్నాడో వచ్చి, రూపాయి బిళ్ల కంటే చిన్నగా ఉండి, దురద పెట్టి, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోయే ఎరుపు లైమ్ కాదు, అది పిడుదు లాలాజలం పడక వచ్చే దద్దు. లైమ్ మచ్చ కుట్టిన 3 నుంచి 30 రోజుల మధ్య, సగటున వారానికి, మొదలై రోజురోజుకీ వెడల్పవుతుంది, 5 సెంటీమీటర్లు దాటుతుంది, కొందరికి 30 సెంటీమీటర్ల దాకా కూడా పాకుతుంది. తలలో జుట్టు కింద, వీపు మీద, గజ్జల్లో వస్తే తెలియకుండానే పోతుంది. అందుకే పిడుదు కుట్టిన తేదీ నుంచి 30 రోజులు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుని, రెండు మూడు రోజులకోసారి ఆ చోటును, ఒళ్లంతా కూడా, చూసుకోండి.

మచ్చ అస్సలు రాని వాళ్లూ ఉన్నారు. ఎండాకాలంలో జలుబు, దగ్గు లేకుండా జ్వరం, చలి, ఒళ్లునొప్పులు, మెడ పట్టేయడం, లేవలేనంత నీరసం వచ్చి, ఆ మధ్య గడ్డిలోనో అడవిలోనో తిరిగి ఉంటే, ఆ తిరిగిన సంగతి డాక్టర్‌కి మీరే నోరు తెరిచి చెప్పండి. పిడుదును చూడలేదు కాబట్టి లైమ్ కాదులే అనుకోకండి. లైమ్ వచ్చినవాళ్లలో చాలామంది తమను కుట్టిన పిడుదును చూడనేలేదు.

వదిలేస్తే ఏమవుతుంది

వారాలు, నెలలు గడిచేకొద్దీ బ్యాక్టీరియా రక్తంలో కలిసి పాకుతుంది. ఒళ్లంతా మచ్చలు రావచ్చు. ఒకవైపు మూతి వంకర పోవచ్చు, కన్ను మూతపడదు, నీళ్లు తాగితే పెదవి పక్క నుంచి కారిపోతాయి. గుండెలో కరెంటు ప్రసారం దెబ్బతిని దడ, కళ్లు తిరగడం, ఆయాసం, స్పృహ తప్పడం జరగొచ్చు. గుండెకు రావడం నూటికి ఒక్కరికి మాత్రమే కానీ ప్రాణం మీదికి వచ్చేది అదే, ఇలాంటి లక్షణం కనిపిస్తే తెల్లారనిద్దాం అనుకోకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. ఇంకా ఆలస్యమైతే కీళ్లు వాస్తాయి, ముఖ్యంగా మోకాలు, నొప్పి కంటే వాపు ఎక్కువగా, నీరు పట్టి గుమ్మడికాయలా.

అసలు ఈ జబ్బు బయటపడిందే ఆ మోకాళ్ల వల్ల. 1970ల మధ్యలో అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో, లైమ్ అనే చిన్న ఊళ్లో, చుట్టుపక్కల ఊళ్లలో, పిల్లలకు ఒకరి తర్వాత ఒకరికి కీళ్లవాతం వస్తోందని పాలీ మర్రీ అనే తల్లి, ఆవిడతోపాటు మరో తల్లి, పట్టుబట్టి అధికారుల దృష్టికి తెచ్చారు. పిల్లలకు వచ్చే మామూలు కీళ్లవాతం అలా ఒకే వీధిలో గుంపుగా రాదు కదా. ఆలెన్ స్టీర్ అనే యువ డాక్టర్ దాని వెంటపడ్డారు. చివరికి విలీ బర్గ్‌డోర్ఫర్ అనే శాస్త్రవేత్త పిడుదుల పేగుల్లో ఆ మెలికల బ్యాక్టీరియాను చూశారు, 1982లో ఆ సంగతి ప్రచురించారు, దానికి ఆయన పేరే పెట్టారు. తమ పిల్లలకు జరుగుతున్నది మామూలు కాదని ఆ తల్లులు గట్టిగా నిలబడకపోయి ఉంటే ఇంకెన్నేళ్లు పట్టేదో.

పరీక్షలు, మందులు

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. రక్తపరీక్ష వెతికేది బ్యాక్టీరియాను కాదు, దాని మీద మన ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలను. అవి తయారవ్వడానికి కొన్ని వారాలు పడుతుంది. మచ్చ వచ్చిన మొదటి వారంలో పరీక్ష చేస్తే నెగెటివ్ రావడం మామూలే, దానర్థం జబ్బు లేదని కాదు. లైమ్ ఉన్న ప్రాంతంలో తిరిగినవాళ్లకు అలాంటి మచ్చ ఉంటే చూసే గుర్తుపట్టి మందు మొదలుపెట్టాలి, రిపోర్టు కోసం ఆగనక్కర్లేదు. మచ్చ లేకుండా మిగతా లక్షణాలు ఉన్నప్పుడే పరీక్ష పనికొస్తుంది, అది కూడా రెండు మెట్లలో, మొదటిది పాజిటివ్‌గానో అటూఇటూగానో వస్తేనే రెండోది.

మందు కొత్తదేం కాదు, చవకైనదే. పెద్దవాళ్లకు డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, మామూలుగా 10 నుంచి 14 రోజులు. అది పడనివాళ్లకు, గర్భిణులకు, చాలాసార్లు చిన్నపిల్లలకు, అమాక్సిసిలిన్ గానీ సెఫ్యూరోక్సిమ్ గానీ 14 రోజులు. కీళ్లకు వస్తే 28 రోజులు. గుండె, మెదడు మీద ప్రభావం గట్టిగా ఉంటే సెలైన్ ద్వారా సెఫ్ట్రియాక్సోన్ ఇస్తారు. ఈ అంకెలు తెలిసుండటం కోసం చెప్తున్నాను, ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ తీసి సొంతంగా వేసుకోవడానికి కాదు. డోసు డాక్టరే రాయాలి.

డాక్సీసైక్లిన్ వేసుకునేటప్పుడు నిండు గ్లాసు నీళ్లు తాగండి, వేసుకున్న వెంటనే పడుకోకండి, మాత్ర గొంతులో ఆగితే ఆహారనాళం పుండు పడుతుంది, ఆ మంట అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. కాల్షియం, ఐరన్, అసిడిటీ మాత్రలు వేసుకునేవాళ్లు దీనికీ వాటికీ రెండు మూడు గంటల తేడా పెట్టుకోండి, లేకపోతే మందు ఒంటికి పట్టదు. ఎండలోకి వెళ్తే చర్మం తొందరగా కమిలిపోతుంది, పూర్తి చేతుల చొక్కా వేసుకోండి. మొదటి రోజు జ్వరం, వణుకు, నొప్పులు ఒక్కసారిగా ఎక్కువైతే మందు పడలేదని భయపడి ఆపేయకండి, బ్యాక్టీరియా గుంపుగా చచ్చేటప్పుడు కొందరికి అలా అవుతుంది, ఒక రోజులో సర్దుకుంటుంది. దద్దుర్లు వచ్చినా, మొహం వాచినా, ఊపిరి ఆడకపోయినా మాత్రం వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. బాగైపోయిందని నాలుగో రోజే మానేయకుండా కోర్సు పూర్తి చేయండి.

త్వరగా మొదలుపెడితే దాదాపు అందరికీ పూర్తిగా నయమవుతుంది. అయితే 5 నుంచి 10 శాతం మందికి మందు అయిపోయాక కూడా నెలల తరబడి నీరసం, ఒళ్లునొప్పులు, మతిమరుపు లాంటివి ఉండిపోతాయి. అది మనసు భ్రమ కాదు, నిజమైన బాధే, అలా అవస్థపడుతున్న వాళ్లను "రిపోర్టులన్నీ బాగున్నాయి కదా" అని తీసిపారేయకండి. కానీ ఆ బాధను సొమ్ము చేసుకునేవాళ్లున్నారు. నెలల తరబడి యాంటీబయాటిక్స్ ఎక్కిస్తామని, ఖరీదైన పౌడర్లు, ప్రత్యేక పరీక్షలు అంటారు. ఎక్కువ కాలం యాంటీబయాటిక్స్ ఇవ్వడం వల్ల లాభం లేదని ట్రయల్స్‌లో తేలింది, పైగా నరానికి పెట్టిన లైన్ దగ్గర ఇన్ఫెక్షన్లు, ఆగని విరేచనాలు వచ్చి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. ఓపిగ్గా వినే డాక్టర్‌ను వెతుక్కోండి, నిద్ర, నొప్పి, మెల్లగా పెంచుకుంటూ పోయే వ్యాయామం, వీటి మీద పని చేయండి. యాంటీబాడీ పరీక్ష నయమయ్యాక కూడా ఏళ్ల తరబడి పాజిటివ్ వస్తూనే ఉంటుంది, జబ్బు పోయిందా లేదా అని మళ్లీమళ్లీ చేయించి టెన్షన్ పడకండి.

అసలు పట్టకుండా చూసుకోవడం

పిడుదు (కొన్ని చోట్ల గోమారి అంటారు) ఎగరదు, దూకదు, చెట్టు మీంచి రాలి పడదు. గడ్డిపోచ చివరో ఆకు అంచునో వెనక కాళ్లతో పట్టుకుని, ముందు కాళ్లు రెండూ ఎత్తుకోమనే పసిపిల్లలా చాచి కూర్చుంటుంది. మీ ప్యాంటు అటు రాసుకుంటూ వెళ్లగానే పట్టేసుకుని, అక్కడి నుంచి పైకి పాకుతుంది. దారి మధ్యలో నడిస్తే, పొదల్లోకి, ఎండుటాకుల గుట్టల్లోకి వెళ్లకుండా ఉంటే సగం బెడద తప్పుతుంది. పెద్ద పిడుదు నువ్వుగింజంత, ఎక్కువ మందికి జబ్బు అంటించే పిల్ల పిడుదు గసగసం గింజంత. ఈ పిల్లలు మే నుంచి జులై దాకా ఎక్కువ. గుడ్డులోంచి వచ్చినప్పుడు దానికి ఈ బ్యాక్టీరియా ఉండదు, ఎలుకల రక్తం తాగి ఎక్కించుకుంటుంది. జింకలు దాన్ని అంటించవు, పెద్ద పిడుదులకు తిండి పెట్టి వాటి సంతానం పెరగనిస్తాయి, అంతే. అమెరికా ఈశాన్య రాష్ట్రాలు, విస్కాన్సిన్, మిన్నెసోటా, కెనడా దక్షిణ భాగం, యూరప్‌లో మధ్య దేశాలు, బాల్టిక్ తీరం, ఇవన్నీ లైమ్ ఎక్కువగా ఉన్న చోట్లు. ఒక్క అమెరికాలోనే ఏటా సుమారు 4,76,000 మందికి లైమ్ అని వైద్యం జరుగుతోందని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ అంచనా.

లేతరంగు బట్టలు వేసుకోండి, పాకుతుంటే కనిపిస్తుంది. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపండి, చూడ్డానికి బాగుండకపోయినా సరే. పురుగులను దగ్గరికి రానివ్వని పూతమందు, డీట్ 20-30 శాతం ఉన్నదో పికారిడిన్ ఉన్నదో, ఒంటికి రాసుకోండి. బూట్లకు, ప్యాంట్లకు 0.5 శాతం పర్మెత్రిన్ అనే పురుగుమందు కొట్టి ఆరబెట్టుకుంటే కొన్ని ఉతుకుల దాకా పని చేస్తుంది, అది బట్టలకే, ఒంటికి రాసుకోకూడదు, ఇంట్లో పిల్లి ఉంటే ఆరేదాకా దాన్ని దగ్గరికి రానివ్వకండి, పిల్లులకు అది విషం. తిరిగొచ్చాక బట్టలు చన్నీళ్లతోనో గోరువెచ్చటి నీళ్లతోనో ఉతికితే పిడుదు చావదు, తట్టుకుంటుంది, ఎండిపోతే చస్తుంది. అందుకని పొడిబట్టలనే ముందు డ్రయ్యర్‌లో ఎక్కువ వేడి మీద 10 నిమిషాలు తిప్పి, తర్వాత ఉతకండి. రెండు గంటల్లోపు స్నానం చేయండి, ఇంకా కరవకుండా పాకుతున్నవి కొట్టుకుపోతాయి.

టీకా గురించి అడుగుతారని తెలుసు. 1998లో లైమెరిక్స్ అని ఒకటి వచ్చింది, 2002లో తయారీదారే వెనక్కి తీసుకున్నారు. కుక్కలకు టీకా ఉంది, వాటికి పశువైద్యుడిని అడిగి పిడుదుల మందు కూడా వాడండి, లేకపోతే అవి మోసుకొచ్చి సోఫాలో దింపుతాయి.

ఇవన్నీ చేసినా ఒక్కటి మానొద్దు, స్నానం చేసేటప్పుడు ఒళ్లు తడుముకోవడం. చంకలు, చెవి వెనక, బొడ్డు లోపల, నడుము పట్టీ కింద, గజ్జలు, మోకాలి వెనక మడత, జుట్టు కుదుళ్లు. కళ్ల కంటే వేళ్లే బాగా పట్టుకుంటాయి. మా పాప మోకాలి వెనక దొరికింది నేను పుట్టుమచ్చ అనుకున్నాను. వేలితో రాస్తే గరుకుగా తగిలింది, ఫోన్ లైటు వేసి చూస్తే ఆ మచ్చకు కాళ్లున్నాయి. అప్పటికి పాప ఆడుకుని వచ్చి నాలుగు గంటలే అయింది, తీసేశాం, ఏమీ కాలేదు. ఒకసారి వచ్చిపోయినవాళ్లకు మళ్లీ రాదని లేదు, ఇంకో పిడుదు కుడితే మళ్లీ వస్తుంది. ఒంటరిగా ఉండేవాళ్లు వీపు వైపు ఫోన్ పెట్టి వీడియో తీసుకుని, పెద్దది చేసి చూసుకోండి, నిన్నటి వీడియోలో లేని నల్లచుక్క ఇవాళ కనిపిస్తే ట్వీజర్స్ తీయండి.